కిలో రేటు మీద సంతకం నీదైతే ట్రస్టు ఎందుకు నాయనా

గుంటూరు నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యట్లేదు. కాస్త కుదించి ఇస్తున్నాను.

“అమ్మా, నమస్తే. నాకు 43 ఏళ్ళు. మా నాన్న మిర్చి యార్డులో ముఠా కూలీ. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసి మోసి నడుం పోయి ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. నేను బీఎస్సీ చేసి ఎండుమిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీలో ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరి, పంతొమ్మిదేళ్ళలో ఆపరేషన్స్ హెడ్ దాకా వచ్చాను. ముప్పై మంది సూపర్‌వైజర్లు నా కింద ఉన్నారు. సీజన్లో తొడిమలు తీసే ఆడవాళ్ళు నాలుగు వందల మంది దాకా వస్తారు. వాళ్ళు మా రోల్స్ మీద ఉండరు, మేస్త్రీలు తీసుకొస్తారు. ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు ఫ్లాట్ కొన్నాను, లోను ఇంకా పదకొండేళ్ళుంది. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం.

మొన్న మార్చిలో విదేశాల నుంచి కొనేవాళ్ళు వస్తే షెడ్డు తిప్పి చూపిస్తున్నాను. వరసలో కూర్చున్న ఒకావిడ తలెత్తి పలకరించింది. మా పాత వీధిలో పిన్ని. అమ్మ పనికెళ్ళిన రోజుల్లో నాకు అన్నం పెట్టిన మనిషి. నవ్వుతూనే ‘పెద్దోడివయ్యావురా, సంతోషం. మా కిలోకి ఒక్క రూపాయన్నా పెరుగుద్దా?’ అంది. ‘చూద్దాం పిన్నీ’ అని ముందుకెళ్ళిపోయాను. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. ఏప్రిల్‌లో కంపెనీ వాళ్ళు బెస్ట్ లీడర్ అని షీల్డు ఇచ్చారు, దాన్ని ఇంకా అట్టపెట్టెలోంచి తియ్యలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో వైస్ ప్రెసిడెంట్‌గా రమ్మంటున్నారు, నెలాఖరులోపు చెప్పాలి. నాకేమో అన్నీ వదిలేసి ఆ ఆడవాళ్ళ పిల్లల చదువుకి ఒక ట్రస్టు పెడదామనిపిస్తోంది. మా ఆవిడ పిచ్చి పట్టిందా అంటోంది. నాన్న ఏమీ అనడు. కెరీరూ కావాలి, నలుగురికి పనికొచ్చానన్న తృప్తీ కావాలి. రెంటినీ బ్యాలెన్స్ చెయ్యడం ఎలాగో చెప్పండి.”

రాజీనామా చెయ్యకు. ఆ ముక్క ముందు చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరం రాత్రి రెండింటికి రాసినట్టుంది, ఆ వేళప్పుడు తీసుకున్న నిర్ణయాలు మెయిల్లో వెళ్ళిపోయాక పొద్దున కాఫీ తాగుతూ వెనక్కి పిలిస్తే రావు. పదకొండేళ్ళ లోను, ఇంటర్ చదివే పిల్ల, మంచం మీద తండ్రి ఉన్న ఇంట్లో భార్య ‘పిచ్చి పట్టిందా’ అనకపోతే ఆశ్చర్యపోవాలి. ఆవిడ లెక్క సరైనదే. నీ జీతం చూసి నువ్వు సిగ్గుపడాల్సిందీ లేదు. టిక్కీలు మోసినవాడి కొడుకు ఫ్లాట్ కొనుక్కుంటే పాత వీధిలో ఎవరూ ఏడవరు. పిన్ని కూడా ముందు ‘సంతోషం’ అనే అంది, ఆ తర్వాతే రూపాయి సంగతి ఎత్తింది.

ఉత్తరం మూడుసార్లు చదివాను. లోను ఎన్నేళ్ళుందో రాశావు, సూపర్‌వైజర్లు ఎంతమందో రాశావు, షీల్డు ఏ నెలలో ఇచ్చారో రాశావు. తొడిమ తీసినందుకు కిలోకి ఎంత ఇస్తున్నారో మాత్రం రాయలేదు. అది ఆఖరుసారి ఎప్పుడు పెరిగిందో రాయలేదు. ఎవరు నిర్ణయిస్తారో అసలే రాయలేదు. ఆపరేషన్స్ హెడ్ అంటున్నావు కాబట్టి సీజన్ ముందు మేస్త్రీలతో రేటు మాట్లాడేదీ, ఆ కాగితం మీద సంతకం పెట్టేదీ నువ్వే అయ్యుంటావని నా అనుమానం. నీ బోనస్ లెక్కలో ‘షెడ్డు ఖర్చు ఎంత తగ్గించావు’ అనే గడి కూడా ఒకటి ఉండే ఉంటుందని ఇంకో అనుమానం. ఈ రెండూ తప్పైతే చెప్పు, చెంపలేసుకుంటాను. నిజమైతే మాత్రం పిన్ని నిన్నడిగింది నీ చేతిలో ఉన్నదే. నువ్వేమో ఆవిడ అడిగింది అక్కడే ఉంచి, అడగని ట్రస్టు ఇస్తానంటున్నావు.

కోపం తెచ్చుకోకు నాయనా. ఇది నేనూ చేసినదే, అందుకే ఇంత దూకుడుగా మాట్లాడుతున్నాను.

బెజవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేరి, చివరి తొమ్మిదేళ్ళు అడ్మినిస్ట్రేటర్‌గా చేసి రిటైరయ్యాను. ఆ కుర్చీలో కూర్చున్న రెండో ఏడు యాజమాన్యం ఖర్చులు తగ్గించే దారులు రాసివ్వమంది. నేను రాసిచ్చిన వాటిలో మూడోది రాత్రి తొమ్మిదిన్నరకి డ్యూటీ దిగే ఆయాలని ఇంటి దగ్గర దింపే వేన్ తీసెయ్యడం. వాళ్ళు అడగలేదు, నేనే కనిపెట్టాను. నెలకి మిగిలే డబ్బు కూడా లెక్కకట్టి ఇచ్చాను. మీటింగులో మెచ్చుకున్నారు, ఆ ఏడు ఇంక్రిమెంటు బాగా వచ్చింది, దాంతో ఇంట్లో ఏసీ కొన్నాం. సింగ్ నగర్ అవతల కండ్రికలో ఉండే ఒక ఆయా పైపుల రోడ్డు దాకా షేర్ ఆటోలో వెళ్ళి, అక్కడి నుంచి చీకట్లో నడుచుకుంటూ ఇంటికి చేరేది. నాలుగు నెలలు అలా తిరిగి, ఆయాల్లో పని బాగా వచ్చిన ముగ్గురు మానేశారు, అందులో ఈవిడ ఒకతి. వెళ్ళేముందు నా గదికొచ్చి దణ్ణం పెట్టి ‘మీరు మాత్రం ఏం చేస్తార్లెండి మేడమ్, పైవాళ్ళు చెప్పుంటారు’ అంది.

ఆ పైవాళ్ళు నేనే. ఆ మాట ఆవిడకి చెప్పలేకపోయాను.

ఇది జరిగాక నేనేం చేశానో తెలుసా? ఆదివారాలు ఆ ఆయా ఉండే పేటలో మెడికల్ క్యాంపులు పెట్టించాను. బీపీ, షుగరు ఉచిత పరీక్షలు, బ్యానరు, ఫొటోలు, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు. అందరూ బాగుందన్నారు, నాకూ ఛాతీ బరువు దిగినట్టనిపించింది. క్యాంపుకి ఆస్పత్రి వేన్ వెళ్ళేది. అదే వేన్. అది తట్టడానికి నాకు ఏడాది పట్టింది. తట్టాక వేన్ మళ్ళీ వేయించడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. తీసెయ్యడానికి ఒక పేజీ కాగితం చాలింది, వెయ్యమంటే మూడు కమిటీలు కూర్చున్నాయి. చివరికి సగం దూరానికే ఒప్పుకున్నారు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, రిటైరై ఇంట్లో కూర్చున్న నేను కూడా అందరితో పాటు ఫ్లైఓవర్ దగ్గరికి పులిహోర పొట్లాలు పట్టుకెళ్ళాను (నా చెయ్యి ఎప్పుడూ పులిహోర మీదికే పోతుంది). రెండో రోజో మూడో రోజో పడవలోంచి ఇద్దరు మనవళ్ళతో దిగిన మనిషిని చూస్తే ఆ ఆయానే. తడిసి ముద్దై ఉంది. నన్ను గుర్తుపట్టి ‘మేడమ్, ఇప్పుడు మన వేన్ ఉండుంటే బాగుండేది’ అని నవ్వింది. వెక్కిరింపు కాదు, ఆవిడ నవ్వే అంత. నేను పొట్లం చేతిలో పెట్టి పక్కకి వచ్చేశాను. ‘చూద్దాం పిన్నీ’ అని నువ్వెలా ముందుకెళ్ళిపోయావో అలాగే.

అందుకే నువ్వు రాసిన బ్యాలెన్స్ అన్న మాట నాకు మింగుడుపడటం లేదు. ఒక పళ్ళెంలో కెరీరు, ఇంకో పళ్ళెంలో మంచిపని, ఇటు కాస్త అటు కాస్త వేసుకుంటే ముల్లు మధ్యలో నిలబడుతుందని అందరూ అనుకుంటారు. ఆరు రోజులు కిలో రేటు బిగబట్టి ఏడో రోజు ఆ కిలోలు వలిచినవాళ్ళ పిల్లలకే నోటు పుస్తకాలు పంచితే ముల్లు మధ్యలో నిలబడినట్టే కనిపిస్తుంది కూడా. కానీ రెండు పళ్ళేల్లోనూ ఉన్నది వాళ్ళ డబ్బే కదా.

మన చట్టానికి కూడా ఈ కిటుకు తెలుసు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర లాభం 5 కోట్లో, టర్నోవరు 1,000 కోట్లో, నెట్‌వర్త్ 500 కోట్లో దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. మీది ఆ లెక్కలోకి వస్తుందో రాదో నీకే తెలియాలి. అయితే ఆ నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది, తన ఉద్యోగులకి మాత్రమే ఉపయోగపడే పనిని ఆ ఖాతాలో రాసుకోకూడదు. అంటే సొంత పనివాళ్ళని చూసుకోవడం దానధర్మం కిందకి రాదు, వ్యాపారం ఖర్చు కిందకే వస్తుంది. మేస్త్రీని మధ్యలో పెట్టి ‘వాళ్ళు మా ఉద్యోగులు కారు’ అనేస్తే కాగితం మీద బయటివాళ్ళయిపోతారనుకో, అప్పుడు ఒక చేత్తో తక్కువిచ్చి ఇంకో చేత్తో దానం చేసి ఫొటో దిగొచ్చు. నీ ట్రస్టు కూడా ఆ వంకరలోకే జారుతుందేమోనని నా భయం, ఎంత మంచి మనసుతో పెట్టినా సరే.

కాబట్టి నెలాఖరు దాకా హైదరాబాద్ సంగతి పక్కన పెట్టి ఒక వారం పాటు సాయంత్రం కాటా దగ్గర నిలబడు. పొద్దున్న రౌండ్స్‌లో కాదు. పని దిగే ముందు, ఒక్కొక్కరూ వలిచిన కాయ తూకం వేయించుకునే వేళ. ఏమీ మాట్లాడకు, సూపర్‌వైజర్లని తిట్టకు, ఊరికే చూడు. తరుగు ఎంత తీస్తున్నారు, ఎవరు తీస్తున్నారు, తీసింది ఎక్కడ రాస్తున్నారు. పగిలిన కాయకి ఎంత కోస్తున్నారు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు కింద వారానికి ఎంత పట్టుకుంటున్నాడు. కిలోకి రూపాయి పెంచినా తరుగులో అర్ధరూపాయి పోతే పిన్నికి చేరేది అర్ధరూపాయే. నువ్వు ల్యాబ్ నుంచి వచ్చినవాడివి కాబట్టి నీకు అర్థమయ్యేలా చెబుతాను. బూజు వల్ల పుట్టే విషం, అదే బీ1 అఫ్లటాక్సిన్, కిలోకి 5 మైక్రోగ్రాములు దాటితే యూరప్ వాళ్ళు సరుకు లోపలికి రానివ్వరు, అందుకోసం అంత సూక్ష్మంగా కొలిచే మిషన్లు మీ దగ్గరున్నాయి. మరి ఆడవాళ్ళ కాయ తూచే కాటాకి తూనికలు కొలతల శాఖ వాళ్ళ ముద్ర పడి ఎన్నాళ్ళైంది? ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా వేయించాల్సిందే. ఇది చేయించడానికి నీకు ఏ ఎండీ సంతకమూ అక్కర్లేదు.

అక్కర్లేనివి ఇంకా ఉన్నాయి, వెతుక్కుంటే నీకే తడతాయి. షెడ్డు గోడ మీద కిలో రేటు, తరుగు ఎంతో తెలుగులో పెద్దక్షరాలతో రాయించి, కింద నీ సంతకం పెట్టు. ఆ ఒక్క బోర్డుతో మేస్త్రీల సగం మాయలు ఆగుతాయి. చేతులు కడుక్కునే చోట కొళాయి ఒక్కటే ఉంటే చాలదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది, వట్టి నీళ్ళతో కడిగితే మంట ఇంకా పాకుతుంది. కొబ్బరినూనె డబ్బా, సబ్బు పెట్టించు. నెలకి ఎంతవుతుంది? మీ గెస్టుల టీ బిస్కెట్ల ఖర్చులో ఓ మూల. నేను వార్డులో ఉన్నప్పుడు కొన్నిసార్లు పసిబిడ్డల్ని ఒళ్ళంతా ఎర్రగా కంది, గుక్కపట్టి ఏడుస్తుంటే తీసుకొచ్చేవారు. ఏ పురుగు కుట్టిందోనని మేం కంగారుపడేవాళ్ళం. తీరా చూస్తే తల్లి మిర్చి పని నుంచి వచ్చి అలాగే ఎత్తుకుని ఉంటుంది. పాలకోసం ఏడ్చే బిడ్డని గంటసేపు ముట్టుకోకుండా కూర్చున్న తల్లుల్ని కూడా చూశాను.

ఇలాంటిదే మీ గుంటూరులో ఒకావిడ చేసింది. కుగ్లర్ ఆస్పత్రి ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళుంటావో కదా, ఆ అన్నా కుగ్లర్ అమెరికాలో డాక్టరు చదువు చదివి 1883లో గుంటూరు వచ్చింది. పంపిన మిషన్ వాళ్ళు ఆవిడని డాక్టరుగా పంపలేదు, ఘోషాలో ఉండే ఆడవాళ్ళ మధ్య మిషన్ పని చెయ్యమని పంపారు. ఆవిడ ఆ పని చేస్తూనే, వెంట తెచ్చుకున్న మందులతో వైద్యం మొదలుపెట్టింది. మగ డాక్టరు చెయ్యి చూడనివ్వని ఇళ్ళలోకి వెళ్ళి చూసింది. 1885లో గానీ ఆవిడని వైద్యానికి అధికారికంగా నియమించలేదు, ఆస్పత్రి తలుపులు తెరిచేసరికి 1898 వచ్చింది. పదిహేనేళ్ళు నాయనా. ముందు ఆస్పత్రి కట్టాకే మందు ఇస్తానని కూర్చుని ఉంటే ఆ పదిహేనేళ్ళలో ఆవిడ చూసిన రోగుల గతేమిటి? నువ్వు ట్రస్టుకి పేరు, లోగో ఆలోచిస్తూ ఉండి ఉంటావు ఈపాటికి. ఔనా?

వదిలేసి వచ్చినవాళ్ళు లేరా అని అడుగుతావు. ఉన్నారు, మా బెజవాడలోనే ఉన్నారు. గోరా గారు వృక్షశాస్త్రం లెక్చరరు. నాస్తికత్వం మాట్లాడుతున్నాడని 1933లో కాకినాడ కాలేజీ వాళ్ళు తీసేశారు. తర్వాత బందరు కాలేజీలోనూ ఇమడలేక 1940లో ముదునూరు పల్లెకి వెళ్ళి నాస్తిక కేంద్రం పెట్టారు, అదే 1947లో బెజవాడకి వచ్చింది. ఆయన భావాలతో నీకు ఒప్పుదల ఉండాల్సిన పనిలేదు, నాకూ అన్నిటితో లేదు. కానీ ఆయన తను చెప్పదలుచుకున్నది ఉద్యోగంలో ఉండగానే, ఉద్యోగం ఊడేంత గట్టిగా చెప్పాడు. నిన్ను ఇంకా ఎవరూ కాదనలేదు, ఎందుకంటే నువ్వు ఇంకా అడగలేదు.

ఇక అడగడం. ఎండీ దగ్గరికి వెళ్ళి ‘పాపం సార్ వాళ్ళు’ అన్నావంటే ఆయన కూడా ‘పాపం’ అని స్కూలు బ్యాగులు పంచమంటాడు. నీ పంతొమ్మిదేళ్ళు అక్కరకొచ్చేది ఇక్కడే. కాటా దగ్గర గడిపిన వారం నుంచి లెక్కలు తియ్యి. ఆదరాబాదరాగా తొడిమ పీకితే కాయ మెడ దగ్గర పగిలి గింజ రాలుతుంది, అలా పోయే సరుకు టన్నుకి ఎంత? ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు మీదపడే రోజుల్లో పక్క షెడ్డు వాడు కిలోకి అర్ధరూపాయి ఎక్కువిస్తే ఎంతమంది లేచిపోతున్నారు, వాళ్ళు లేక కంటైనర్ ఎన్ని రోజులు ఆగింది? ఇవన్నీ మీ రిజిస్టర్లలోనే ఉంటాయి, ఇంతవరకూ ఎవరూ ఒకచోట చేర్చి ఉండరు. కొనేవాళ్ళు ఈ మధ్య పనివాళ్ళ పరిస్థితుల మీద ఆడిట్లు అడుగుతున్నారు కదా, మార్చిలో వచ్చినవాళ్ళు కూడా అడిగే ఉంటారు. ఆ ఫైల్లో ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) గురించి ఏం రాసి పంపారో ఒకసారి తీసి చూడు.

ఈఎస్‌ఐ సంగతి మీ అకౌంట్స్ వాళ్ళు గొణుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. పదిమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో, నెలకి 21,000 లోపు వచ్చేవాళ్ళకి అది వర్తిస్తుంది, కిలోల లెక్కన చేసినా సరే. యజమాని 3.25 శాతం, పనిచేసేవాళ్ళు 0.75 శాతం. మేస్త్రీ కట్టకపోతే పని చేయించుకునే కంపెనీ కట్టాలి. ‘సీజన్ పని కదండీ’ అంటారు. కోల్డ్ స్టోరేజీ సరుకుతో ఏడాది పొడవునా నడిచే షెడ్డుకి ఆ మాట ఎంతవరకు నిలబడుతుందో లేబర్ చట్టం తెలిసిన వకీలుని కూర్చోబెట్టి అడుగు, నేను నర్సుని. నర్సుగా చెప్పగలిగింది ఒకటుంది. కార్డు ఉన్న మనిషికి జబ్బు చేస్తే గుణదల ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది, సరిపడా చందా రోజులుంటే ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో 70 శాతం చేతికొస్తుంది, కాన్పుకైతే 26 వారాలు. నీ ట్రస్టు ఎంత పెరిగినా నాలుగు వందల మందికి ఇంత ఇవ్వగలదా? నాకు నమ్మకం లేదు.

రేటు పెంచితే షెడ్డు ఖర్చు పెరుగుతుంది, ఆ గడిలో నీ మార్కులు తగ్గుతాయి, ఈ ఏడు బోనస్ పలచబడుతుంది. లాభాలు తర్వాత వస్తాయని నువ్వు ఎన్ని కాగితాలు చూపించినా మొదటి ఏడాది కనపడేది ఖర్చే. అందుకని ఎండీ కంటే ముందు మీ ఆవిడతో మాట్లాడు. ‘ఉద్యోగం మానేస్తా’ అంటే తిట్టింది గానీ, ‘ఈ ఏడు బోనస్ తక్కువ రావచ్చు, ఎందుకంటే ఇందుకు’ అని కాగితం మీద లెక్క వేసి చూపిస్తే ఏమంటుందో చూడు. నాకైతే ఆవిడ మీద నీ కంటే నమ్మకం ఎక్కువగా ఉంది. నాన్నకి కూడా చెప్పు. ఆయన ఏమీ అనడని రాశావు. యార్డులో ముఠా కూలి రేట్ల కోసం ఎంత కొట్లాడితే ఎంత పెరిగేదో ఆయనకి తెలిసినంత మీ ఎండీకి కూడా తెలియదు, ఎప్పుడైనా అడిగావా?

ముప్పై మంది సూపర్‌వైజర్ల గురించి ఒక్క మాట. సోమవారం మీటింగులో నువ్వు ఏది ముందు అడిగితే వాళ్ళు వారమంతా దాని వెంటే పడతారు. టన్నులు ఎన్ని అని అడిగితే టన్నులు తెస్తారు, ఎలా తెచ్చారో నీకు చెప్పరు. ‘ఈ వారం ఎంతమంది మానేశారు, ఎందుకు’ అని టన్నుల కంటే ముందు అడుగు. మొదటి రెండు వారాలు నీళ్ళు నములుతారు. మూడో వారానికి ఎవడో ఒకడు నిజం చెబుతాడు, వాణ్ణి అందరి ముందూ తిట్టకుండా ఉండటం నీ పని. నా మటుకు నాకు అదే కష్టమైంది, నోరు ఊరుకోదు.

హైదరాబాద్ వెళ్ళొద్దని నేననను. పెద్ద కుర్చీలో పెద్ద సంతకం ఉంటుంది, అన్ని షెడ్ల రేట్లూ ఆ టేబుల్ మీదికే రావచ్చు. కానీ ఒప్పుకునేముందు అడిగి తెలుసుకో, లేబర్ కాంట్రాక్టులు నీ కింద ఉంటాయా, లేక నీకు గాజు క్యాబిన్ ఇచ్చి ప్రెజెంటేషన్లు చేయిస్తారా? నీ కింద ఉంటాయని రాతపూర్వకంగా ఇస్తే వెళ్ళు. వెళ్ళేలోపు మాత్రం గుంటూరు షెడ్డు రేటుని మేస్త్రీల కాంట్రాక్టులోనే రాయించు, ఏటా సీజన్ మొదలవకముందు జనవరిలో సమీక్షించాలని, తరుగు ఇంతకు మించకూడదని. నువ్వు మంచివాడివి కాబట్టి పెరిగిన రేటు నీ వెనకాల వచ్చేవాడు తగ్గించేస్తాడు. కాంట్రాక్టులో పడిన రేటు తగ్గించాలంటే వాడు కూడా మూడు కమిటీలు కూర్చోబెట్టాలి, నా వేన్‌కి కూర్చున్నట్టు. ఈసారి ఆ కమిటీలు మన వైపున పనిచేస్తాయి.

ఎండీ కుదరదంటే? మొదటిసారి కుదరదనే అంటాడు. రూపాయి కాకపోతే తరుగుతో మొదలుపెట్టు, ఈఎస్‌ఐ అందరికీ కాకపోతే ఏడాది పొడవునా వచ్చేవాళ్ళతో మొదలుపెట్టు, సీజన్ దాటాక మళ్ళీ వెళ్ళు. అలా రెండేళ్ళు తిరిగాక కూడా గోడకి చెప్పినట్టే ఉంటే, అబద్ధపు ఆడిట్ కాగితం మీద సంతకం పెట్టమంటే, అప్పుడు మానెయ్. అప్పుడైనా ట్రస్టు పెట్టకు, గుంటూరులో మిర్చి ఎగుమతి చేసేది మీ కంపెనీ ఒక్కటే కాదు, నీలాంటివాడు కావాలనేవాళ్ళు ఇంకోచోట ఉంటారు.

పిన్ని దగ్గరికి మాత్రం ఇప్పుడే వెళ్ళి ‘పెంచేస్తున్నా’ అని చెప్పకు. షీల్డు అట్టపెట్టెలోనే ఉండనియ్, దానికేం తొందర. సోమవారం నుంచి సాయంత్రం అయిదున్నరకల్లా కాటా దగ్గర ఉండు. ఆఫీసు తెల్లచొక్కా వేసుకుని వెళ్ళకు, మిరప దుమ్ము పడితే ఉతికినా వదలదు, ఆ సంగతి మీ అమ్మ చిన్నప్పుడే చెప్పి ఉంటుంది.